పదకొండు నీలం పెట్టెలు

సెల్లారు, చర్మ విభాగం ఫొటో గది
జూన్ 4

మావయ్యా,

ఇక ఫోన్లు చాలు. మొన్న ఆదివారం నలభై నిమిషాలు మాట్లాడావు. నేనడిగింది ఒకే ఒక్క ప్రశ్న, మా ఆసుపత్రికి ఏ కంపెనీ కెమెరా కొనాలి అని. నువ్వు మూడు కంపెనీల పుట్టుపూర్వోత్తరాలు చెప్పావు, ఏ లెన్సు ఏ సంవత్సరంలో సన్నబడిందో చెప్పావు, ఏ బటన్ను ఎందుకు ఎడమ నుంచి కుడికి మార్చారో చెప్పి, ఆఖరికి "అదీ సంగతి" అని పెట్టేశావు. ఏది మావయ్యా సంగతి?

అందుకే ఈ ఉత్తరం. నోటితో అయితే జారిపోతావు. కాగితం మీద అయితే దొరికిపోతావు.

నా పని నీకు సరిగ్గా తెలియదు కాబట్టి ఇంకోసారి చెబుతున్నాను. ఆసుపత్రి అడుగున, దుప్పట్లు ఉతికే గది పక్కన, నాకో చిన్న గది ఇచ్చారు. ఒక ఎత్తు పీట, వెనక బూడిద రంగు పరదా, పేషెంటు పాదాలు ఎక్కడ పెట్టాలో నేల మీద అతికించిన టేపు. ఇవాళ ఒక మచ్చని ఫొటో తీస్తే, మూడు నెలల తరవాత అదే మచ్చని అంతే దూరం నుంచి, అదే వెలుతురులో, అదే రంగు వచ్చేలా మళ్ళీ తీయాలి. డాక్టర్లు రెండూ పక్కపక్కన పెట్టి మందు పనిచేస్తోందో లేదో చూస్తారు.

ఇప్పుడున్న కెమెరా ఎవరో దానం చేసింది. లెన్సు వదులైపోతే రబ్బరు బ్యాండు వేసి నడుపుతున్నాను. పోయిన వారం ఒక టైలరుగారి మోచేతి ఫొటోలు చూసి పెద్ద డాక్టరమ్మ మందు పెంచబోయింది. కొత్త ఫొటోలో మచ్చ వంకాయ రంగులో ఉంది మరి. అనుమానం వచ్చి మనిషిని పిలిపించి చూస్తే మచ్చ సగానికి సగం తగ్గింది. మచ్చ తప్పు కాదు, కెమెరా తప్పు. ఆవిడ నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

కొత్త సెట్టుకి లిస్టు రాసివ్వమన్నారు. గడువు ఆగస్టు ముప్ఫై ఒకటి. ఒకసారి తీసుకుంటే పదేళ్ళు అదే, మధ్యలో మార్చడానికి వీల్లేదు. గడువు దాటితే స్టోర్సు గుమాస్తా ఆ మంజూరుని తన కుర్చీలకి లాగేసుకుంటాడు, కాచుకుని కూర్చున్నాడు. నన్ను ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చేది కూడా ఆ నెలలోనే.

నీకు ఇరవై తొమ్మిదేళ్ళ కౌంటరు అనుభవం. ఒక్క పేరు రాసి పంపు. రెండో పేరు రాశావంటే ఆ ఉత్తరం వెనక్కి పంపిస్తాను.

ఓపిక నశించిన నీ మేనకోడలు,
పొట్టి


షాపు పై అంతస్తు, స్టాకు గది
జూన్ 12

పొట్టీ,

నీ ఉత్తరం అందింది. కోపంలో కూడా నీ దస్తూరి ముచ్చటగా ఉంది, అచ్చం మా అక్క దస్తూరే.

ఒక్క పేరు రాయడానికి ఎంతసేపు? అర నిమిషం పట్టదు. కానీ అలా రాయకూడదమ్మా. ముందు అన్నీ తెలుసుకోవాలి.

మా షాపులో మేం కంపెనీలని పేరుతో పిలవం, అట్టపెట్టె రంగుతో పిలుస్తాం. పేరు చెవిన పడిందంటే చాలు, ఆ కంపెనీ మనిషి పక్క కౌంటరు నుంచి ఊడిపడతాడు. కాబట్టి నువ్వూ రంగులే గుర్తుపెట్టుకో.

పసుపు పెట్టెవాళ్ళు పాత లెన్సులకి కొత్తల్లుడి మర్యాద చేస్తారు. నలభై ఏళ్ళ నాటి లెన్సు తెచ్చినా వాళ్ళ కెమెరా కాదనదు, తగిలించుకుంటుంది. అయితే చిన్న బాడీ కొన్నావనుకో, లెన్సు తగులుకుంటుంది గానీ ఫోకస్ తనంతట తాను చేసుకోదు. ఆ ముక్క వాళ్ళు పెట్టె మీద రాయరు, మేం చెప్పాలి. దగ్గరనుంచి తీసే వాళ్ళ లెన్సులో మాత్రం బొమ్మ సూదిమొనలా స్పష్టంగా వస్తుంది.

ఎర్ర పెట్టె చేతిలో పట్టుకుంటే దించబుద్ధి కాదు. బటన్లన్నీ వేళ్ళు వెళ్ళేచోటే ఉంటాయి. మనిషి చర్మాన్ని చాలా అందంగా చూపిస్తుంది. పెళ్ళిళ్ళవాళ్ళకి వరం, మరి నీలాంటివాళ్ళకో? మచ్చ ఉన్నదాని కంటే బాగా కనబడితే అదీ ఇబ్బందే కదా. వాళ్ళ మధ్యరకం లెన్సులు కొన్నాళ్ళుగా మెరుగుపడ్డాయి, చిన్నవి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక నల్ల పెట్టె. వాళ్ళు ఏడాదికో బాడీ దింపుతారు. నిరుడు కొన్నవాడు ఈ ఏడాది మా కౌంటరు ముందుకొచ్చి ఏడుస్తాడు. మెనూలోకి వెళితే బయటికి దారి దొరకదు. లోపల అద్దం లేదు కాబట్టి తేలిక, చప్పుడు లేదు. ఎరుపు ఒక పిసరు ఎక్కువ చూపిస్తుందని జనం అంటారు. లెన్సులు మొన్నటిదాకా నాలుగే ఉండేవి, ఇప్పుడు కుప్పలుగా వస్తున్నాయి.

పసుపు బాగుందా అంటే బాగుంది. ఎరుపు తక్కువా అంటే కాదు. నలుపుని కొట్టిపారేయగలమా అంటే అదీ లేదు. దేని గుణం దానిది. దీంతోపాటు పంపిన నాలుగు కాగితాల్లో బాడీల పట్టిక, లెన్సుల పట్టిక వేశాను. అన్నీ చూసుకుని నీకేది నచ్చితే అది తీసుకో.

మీ అమ్మని అడిగానని చెప్పు.

నీ మంచి కోరే,
మావయ్య


సెల్లారు, ఫొటో గది
జూన్ 19

మావయ్యా,

ఆరు పేజీలు. ఇద్దరు పేషెంట్లని బయట కూర్చోబెట్టి మరీ చదివాను. పేరు లేదు. వెనక వైపు కూడా తిప్పి చూశాను, అక్కడ లెన్సు మూతల వ్యాసాలు ఉన్నాయి.

"నీకేది నచ్చితే అది" ఏమిటి? నాకు నచ్చేది తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను? కడుపులో నొప్పి అని వచ్చినవాడికి మా డాక్టరమ్మ పొట్టలో ఎన్ని అవయవాలున్నాయో చెప్పి, నీకేది నచ్చితే దానికి మందు వేసుకో అంటుందా?

ఆలోచిస్తే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో మీ షాపులో స్టూలు మీద కూర్చునేదాన్ని. నువ్వు ఒక్కరికి కూడా "ఇది తీసుకోండి" అనగా నేను వినలేదు. మూడు కెమెరాలు గాజుబల్ల మీద పెట్టి, మూడింటినీ సమానంగా పొగిడి, సమానంగా తిట్టి, తుడుచుకుంటూ నిలబడేవాడివి. కొనేవాళ్ళు తల పట్టుకునేవాళ్ళు. అప్పుడు నీ నిజాయితీ అనుకున్నాను. ఇప్పుడు నా నెత్తిమీదకొస్తే తెలుస్తోంది, తల ప్రాణం తోకకొస్తోంది.

సరే, నీకు తేలిక చేస్తాను. కింద మూడు ప్రశ్నలు రాస్తున్నాను, అవునో కాదో గీత పెట్టి పంపు. ఎర్ర పెట్టె మా పనికి పనికిరాదా? పసుపు పెట్టె పదేళ్ళు నడుస్తుందా? నల్ల పెట్టె ఎరుపు గురించి జనం అనేది నిజమేనా?

నాన్నని అడిగాను. మొన్న ఇంటికెళ్ళినప్పుడు, తన జిరాక్సు షాపులో మిషన్లో ఇరుక్కున్న కాగితం లాగుతూ, "మీ మావయ్యని అడుగు, అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు" అన్నాడు. అని ఒకరకంగా నవ్వి లేచి వెళ్ళిపోయాడు. ఆ నవ్వేమిటో నాకు అర్థం కాలేదు. ఒకప్పుడు స్టూడియో నడిపిన మనిషి కెమెరా మాటెత్తితే ఎందుకు లేచిపోతాడో కూడా అర్థం కాలేదు.

గీతలు పెట్టు చాలు. కథలొద్దు.

పొట్టి


స్టాకు గది
జులై 1

పొట్టీ,

అవును కాదు అని గీతలు పెట్టేయడానికి ఇదేమన్నా పరీక్ష పేపరా? నీ మూడు ప్రశ్నలకీ సమాధానం ఒక్కటే, "చూడాలి."

అసలు నువ్వు మొదలుపెట్టినచోటే తప్పు. అందరిలాగే బాడీ వైపు చూస్తున్నావు. బాడీ అద్దె ఇల్లమ్మా, నాలుగేళ్ళకి ఖాళీ చేస్తాం. లెన్సు సొంత ఇల్లు. ఆ రెండూ కలిసే చోట ఒక లోహపు రింగు ఉంటుంది చూడు, మౌంట్ అంటారు, మేం మూతి అంటాం. ఒక కంపెనీ మూతికి ఇంకో కంపెనీ లెన్సు తగులుకోదు. కాబట్టి లెన్సు కొన్నావంటే ఆ మూతికి మెడ వంచి తాళి కట్టించుకున్నట్టే. రేపు కంపెనీ, మేం కొత్త మూతి పెట్టాం, పాతది ఇక చేయం అందనుకో, నీ లెన్సులన్నీ గాజు గుండ్లు. బాడీ పాడైతే ఇంకో బాడీ దొరకదు, విడిభాగాలు రావు. మూతి మారితే మనిషి రోడ్డున పడతాడు. కళ్ళారా చూశాను.

ఆ సంగతి వదిలెయ్.

పసుపు పెట్టెవాళ్ళు మూతి మార్చలేదు, మార్చబోమనీ అంటున్నారు. అలా అన్నవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. ఎర్ర పెట్టెవాళ్ళు ఇదివరకోసారి మార్చారు కాబట్టి మళ్ళీ ఇప్పట్లో మార్చరని ఒక వాదన. నల్ల పెట్టెది కొత్త మూతి, ఎన్నాళ్ళుంటుందో చూడాలి.

ఈసారి లెన్సుల పట్టిక బరువుల ప్రకారం వేశాను, చూడు.

మావయ్య


ఇల్లు, వెనక గది
జులై 13

మావయ్యా,

సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నీ పట్టిక నా సంచిలో మడతపెట్టి ఉంది, అలాగే ఉంటుంది.

"కళ్ళారా చూశాను" అని రాసి, వెంటనే "వదిలెయ్" అంటే ఎవరైనా వదులుతారా? నేను వదల్లేదు. ఇంటికి రాగానే నాన్న బీరువా తెరిచాను. పై అరలో అమ్మ పాత శాలువా వెనక నీలం అట్టపెట్టెలు, వరసగా పదకొండు, ఒక్కోదాంట్లో ఒక లెన్సు. మూలలు అరిగాయి గానీ ఒక్కదాని మీదా దుమ్ము లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం నాన్న తలుపేసుకుని వాటిని తుడుస్తాడట. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో పెరిగి నాకు తెలియదు, లెక్కల పుస్తకాలు చూసుకుంటున్నాడనుకున్నాను.

అమ్మని వంటగదిలో పట్టుకున్నాను. "మీ మావయ్య సలహా మీద కొన్నారే. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీవాళ్ళు మూతి మార్చేశారు. వాటితోపాటు కొన్న రెండు కెమెరాలూ ఒకదాని తరవాత ఒకటి పోయాయి, బాగుచేసే దిక్కు లేదు. మిగతా స్టూడియోలవాళ్ళు కొత్తవాటితో చకచకా తీసేస్తుంటే ఈయన చేతులు ముడుచుకుని కూర్చున్నారు. నీకు నాలుగేళ్ళప్పుడు బోర్డు దించేశారు. ఎవరి తప్పని చెప్పను? ఎవరి ఖర్మ వాళ్ళది" అంది, గిన్నె తోముతూనే.

అదన్నమాట! అందుకా నువ్వు మా ఇంటికొస్తే వీధి గదిలో కుర్చీ అంచు మీద కూర్చుని, కాఫీ తాగి, చెప్పులేసుకునేది? అందుకా ఎవరికీ ఏదీ కొనమని చెప్పనిది?

మావయ్యా, నువ్వు వట్టి పిచ్చిమాలోకానివి. మూతి మార్చింది కంపెనీ, నువ్వు కాదు. నీకేం తెలుసు పాపం, నువ్వు కౌంటరు ఎక్కి ఏడాదే అయింది అప్పటికి. ఆ కంపెనీ కెమెరాలు చేయడమే మానేసి పోయింది. నువ్వు మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళుగా దాని పాపం మోస్తున్నావు, నన్నూ మోయమంటున్నావు. ఆ బరువు దించి అవతల పెట్టి, నాకు పేరు రాయి. ఏడు వారాలు ఉంది. గుమాస్తా నిన్న మా గదికొచ్చి కుర్చీలు ఎక్కడ పడతాయో టేపుతో కొలుచుకుని వెళ్ళాడు.

పొట్టి


స్టాకు గది
జులై 24

పొట్టీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "నీకేం తెలుసు పాపం" అన్న చోట నాలుగుసార్లూ ఆగిపోయాను.

నాకు తెలుసు.

ఆ ఏడాది నన్ను తీసెయ్యాలా ఉంచాలా అని ఓనరు ఊగిసలాడుతున్నాడు. అంతకుముందు మూడు చోట్ల ఉద్యోగం ఊడింది. నీలం పెట్టెల స్టాకు గుట్టగా పడి ఉంది. "ఇవి కదిలిస్తే కౌంటరు నీది" అన్నాడు. ఎందుకంత తొందర అనుకుని ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు డ్రాయరు లాగి చూశాను. కంపెనీ డీలర్లకి పంపిన సర్క్యులరు ఉంది. వచ్చే నెల నుంచి కొత్త మౌంట్, పాతది నిలిపివేత, కొనేవాళ్ళకి అప్పటిదాకా చెప్పవద్దు. చదువుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చేతికందిన పెట్టెలో ఆ కాగితం దోపేసి నిలబడ్డాను. తరవాత ఎంత వెతికినా దొరకలేదు. ఓనరే చూసి చింపేశాడేమో.

ఆ శనివారమే బావగారు వచ్చారు. స్టూడియో పెట్టిన కొత్త. రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు కొందామని కాగితం మీద రాసుకొచ్చారు, వేరే కంపెనీవి. ఆ కాగితం మడిచి ఆయన జేబులోనే పెట్టేశాను. "కళ్ళు మూసుకుని ఇవి కొనండి బావగారూ, నేనున్నాను" అన్నాను. నాలుగు లెన్సులు కొనడానికి వచ్చిన మనిషికి పదకొండు అంటగట్టాను. అక్క తమ్ముణ్ణి కదా, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేనే ప్యాక్ చేసి, రిక్షాలో ఎక్కించి, చెయ్యి ఊపాను.

కౌంటరు నాకే ఇచ్చారు. ఇప్పటికీ నాదే.

కంపెనీ మోసం చేసిందని మీ ఇంట్లో అనుకుంటే పక్కన కూర్చుని అవునవునన్నాను. ఆ రోజు నుంచి నా నోటితో ఎవరికీ "ఇది కొను" అని చెప్పలేదు. చెప్పే అర్హత లేదు. అందుకే పట్టికలు. అందుకే నీకు పేరు రాయలేదు.

ఇక నీ ఇష్టం. మీ నాన్నకి చెప్పాలనిపిస్తే చెప్పు.

మావయ్య


చర్మ విభాగం
ఆగస్టు 5

మావయ్యగారికి,

మీ ఉత్తరం చేరింది. మీరు శ్రమపడి వేసిన పట్టికలకి కృతజ్ఞతలు. లిస్టు నేనే చూసుకుంటాను. ఈ విషయంలో మీరు ఇక శ్రమ తీసుకోనక్కర్లేదు.

నాన్నకి నేనేమీ చెప్పలేదు. అది నేను చెప్పాల్సింది కాదు.

ఫొటోగ్రాఫరు, చర్మ విభాగం


స్టాకు గది
ఆగస్టు 11

పొట్టీ,

"మీరు" అన్నావు. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. నీకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ నన్ను నువ్వు అనే అన్నావు, ఒకసారి షాపులో అందరి ముందూ ఒరేయ్ అని కూడా అన్నావు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

శ్రమ తీసుకోవద్దన్నావు. అయినా తీసుకుంటున్నాను. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి కాబోలు, ఇవాళ కొట్టివేతలు లేకుండా రాయగలుగుతున్నాను.

నల్ల పెట్టె కొను. వాళ్ళ మధ్యరకం బాడీ, పెద్దది కాదు. దానికి వాళ్ళదే తొంభై మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, దగ్గరనుంచి తీసేది. ఇంకో లెన్సు వద్దు. ఒక స్టాండు, రెండు లైట్లు, ఇరవై నాలుగు గళ్ళ రంగుల చార్టు. అంతే. ఎరుపు ఎక్కువ చూపిస్తుందన్న పుకారు నమ్మకు, నా మాటా నమ్మకు. కంపెనీవాళ్ళు పదిహేను రోజులు ట్రయలుకి ఇస్తారు, వాళ్ళ మనిషికి చెప్పాను, బుధవారం నీ గదికి తెస్తాడు. చార్టు పక్కన పెట్టి తీసి నీ కళ్ళతో నువ్వు చూసుకున్నాకే సంతకం పెట్టు.

దీంతోపాటు చిన్న డబ్బా పంపుతున్నాను. అందులో ఒక రింగుంది. నల్ల పెట్టె బాడీలో అద్దం లేదని చెప్పాను కదా, అందువల్ల మూతి లోపలికి జరిగి, పాత లెన్సుకీ దానికీ మధ్య చోటు మిగిలింది. ఆ ఖాళీలో ఈ రింగు తగిలిస్తే నీలం పెట్టె లెన్సులు పనిచేస్తాయి. పదకొండూ పనిచేస్తాయి. చేత్తో ఫోకస్ చేసుకోవాలి, అంతే.

ఈ రింగు నా డ్రాయర్లో నాలుగేళ్ళుగా ఉంది. ప్రతి పండక్కీ జేబులో వేసుకుని మీ ఇంటికొచ్చాను, వీధి గదిలో కూర్చుని, కాఫీ తాగి, జేబులోనే పెట్టుకుని వెనక్కొచ్చాను. రింగు ఇస్తే ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదని అడుగుతారు. అక్కడ మొదలైతే ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

మీ నాన్నకి ఇవ్వు. నేనిచ్చానని చెప్పు.

మావయ్య


ఇల్లు, వెనక గది
ఆగస్టు 27

మావయ్యా,

నీ మీద కోపం పోయిందనుకోకు. ఉంది. అయినా "మీరు" అని రాస్తుంటే కలం నడవడం లేదు, అందుకని మామూలుగానే రాస్తున్నాను.

ముందు ఆసుపత్రి సంగతి. ట్రయలు కెమెరా బుధవారమే వచ్చింది. చార్టుతో పాటు టైలరుగారి మోచెయ్యి, ఒక డ్రైవరుగారి మెడ, నా చెయ్యి తీశాను, మూడు రోజులు వరసగా. ఎరుపు ఎరుపులాగే వచ్చింది, ఒక్క పిసరు అటూ ఇటూ లేదు. పెద్ద డాక్టరమ్మ ఫొటోలనీ మనుషులనీ పక్కపక్కన పెట్టుకుని చూసి, "ఇదే" అంది. లిస్టు ఇచ్చేశాను. గుమాస్తా టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఉంచుతున్నారు.

నిన్న కెమెరా ఇంటికి తెచ్చాను. నాన్న ముందు బల్ల మీద కెమెరా, రింగు పెట్టి, "మావయ్య పంపాడు" అన్నాను. నాన్న రింగుని ఇటూ అటూ తిప్పాడు. బీరువా తీసి ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు తెచ్చి తగిలించాడు. టక్ మని పడింది. ఆ చప్పుడుకి వంటగదిలోంచి అమ్మ కూడా వచ్చింది. నాన్న కిటికీ వైపు తిరిగి, వేలితో లెన్సు తిప్పుతూ, అమ్మని చాలాసేపు చూశాడు, నొక్కలేదు. "కదలకే" అన్నాడు. అమ్మ "నేనెక్కడ కదిలానండీ" అంటూ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నొక్కాడు.

ఆ తరవాత నేను ఆగలేకపోయాను మావయ్యా. "నాన్నా, మావయ్య నీకొకటి చెప్పాలి" అన్నాను. అంతవరకే అన్నాను.

నాన్న బీరువాలోంచి నూట ముప్ఫై అయిదు లెన్సు పెట్టె తీశాడు. లెన్సు కింద అట్ట ఎత్తితే, మడత పెట్టిన కాగితం. డీలర్లకి సర్క్యులరు. నువ్వు చెప్పుల చప్పుడు విని దోపిన పెట్టె అదే. దాన్నే నువ్వు ప్యాక్ చేసి, రిక్షా ఎక్కించి, చెయ్యి ఊపావు.

"కొన్న మూడో నెలలో చూశాను" అన్నాడు నాన్న. "ఒళ్ళు మండిపోయింది. షాపుకెళ్ళి కాలరు పట్టుకుందామని సందు చివరిదాకా వెళ్ళాను. మీ అమ్మకున్నది ఒక్క తమ్ముడు. వెనక్కొచ్చాను. వాడే వచ్చి చెబుతాడులే అనుకున్నాను. వచ్చినప్పుడల్లా కాఫీ అయ్యేదాకా ఎదురుచూశాను. వాడు కప్పు కింద పెట్టి చెప్పులేసుకునేవాడు."

అమ్మ కాగితం తీసుకుని చదివి, మళ్ళీ అదే మడతలో పెట్టింది.

ఇరవై ఎనిమిదేళ్ళు మావయ్యా. నువ్వు దాచావు, ఆయన తెలిసీ ఊరుకున్నాడు, ఇద్దరూ నా ముందు కూర్చుని కాఫీ బాగుందని చెప్పుకున్నారు. మీ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చెరో మొట్టికాయ వెయ్యాలనుంది.

నాన్న ఒక్క మాట చెప్పమన్నాడు. "ట్రయలు కెమెరా ఆదివారం దాకా ఉంటుందిట. రమ్మను. వీధి గదిలో కాదు, వెనక గదిలో కూర్చోమను."

నాకు డ్యూటీ ఉంది, ఉండను. వెళ్ళు. వెళ్ళకపోతే మాత్రం ఈసారి నిజంగానే మీరు అంటాను.

పొట్టి


స్టాకు గది
సెప్టెంబరు 2

పొట్టీ,

వెళ్ళాను.

మీ నాన్న వెనక గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంచారు. కూర్చోమన్నారు. నేను చెప్పాల్సింది దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను, తీరా ఆయన మొహం చూసి జిరాక్సు రేట్లు అడిగాను. ఆయన నూట ముప్ఫై అయిదు తగిలించుకుని, కెమెరాలో కన్ను పెట్టి, "ఊఁ, చెప్పు" అన్నారు. మొహం కనబడకపోతే చెప్పడం తేలికని ఆయనకెలా తెలిసిందో. అంతా చెప్పాను. డ్రాయరు, కాగితం, కౌంటరు, ఆయన జేబులో నేను మడిచి పెట్టిన చీటీ, అన్నీ. "తప్పు చేశాను బావగారూ" అన్నాను. ఆయన లెన్సు తిప్పుతూనే ఉన్నారు. మనిషి ఎంత చాదస్తుడో నీకు తెలుసు కదా, ఒక్క ఫొటోకి ఇరవై నిమిషాలు! మెడ పట్టేసింది. "గడ్డం పైకెత్తు", "అటు కాదు", "కదిలితే మళ్ళీ మొదటికొస్తుంది". చెబుతున్న మాట మధ్యలో ఆపి మరీ.

అంతా అయ్యాక, కన్ను తీయకుండానే అడిగారు. "అప్పుడు కళ్ళు మూసుకుని కొనమన్నావు, కొన్నాను. ఇప్పుడు తెరుచుకునే ఉన్నాను. స్టూడియో మళ్ళీ తెరిస్తే, ఈ పదకొండుకీ సరిపడే బాడీ ఏది కొనమంటావు?"

నా నాలిక చివర మూడు రంగులూ వరసగా వచ్చి నిలబడ్డాయి. మింగేశాను. ఒక్క పేరు చెప్పాను. పెట్టె రంగు కాదు, పేరే చెప్పాను. రెండో పేరు చెప్పలేదు, "చూడాలి" అనలేదు.

"సరే" అన్నారు, నొక్కారు.

తరవాత అక్క కాఫీ తెచ్చింది, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తన సంగతి ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళతాను. మీ నాన్న జిరాక్సు షాపులో ఒక మూల ఖాళీ చేస్తున్నారు, బల్ల జరపడానికి మనిషి కావాలట.

ఆ ఫొటో ఇందులో పెట్టాను. బాగానే వచ్చింది. కళ్ళు మరీ ఎర్రగా ఉన్నాయని నువ్వేమీ ఊహించుకోకు. నల్ల పెట్టె ఎరుపు ఒక పిసరు ఎక్కువ చూపిస్తుందని నీకు మొదట్లోనే రాశాను.

మావయ్య


సెల్లారు, ఫొటో గది
సెప్టెంబరు 8

మావయ్యా,

చార్టు పక్కన పెట్టి మూడు రోజులు తీశాను. ఆ కెమెరా ఎరుపు ఎక్కువ చూపించదు.

పొట్టి